మాస్టారి పేరు

మా ఇంగ్లీషు మాస్టారు పోయారు. మొన్న ధవళేశ్వరం నుంచి వచ్చిన పడవవాళ్లు చెప్పారు. నిండు వయసే. అయినా వార్త వినగానే నాకు ఏడుపు కంటే ముందు భయం వేసింది, నా వల్లేనేమోనని. నవ్వకండి. సంగతి వినండి.

కాలవ గట్టున పాకలో మా బడి. ఇంగ్లీషు వ్యాకరణంలోని భాషాభాగాలన్నీ ఆయన పడవల్ని చూపించే చెప్పారు. పడవ నౌను. గట్టు మీద నడుస్తూ మనిషి దాన్ని లాగడం వెర్బు. దానికి పూసిన రంగు ఎడ్జెక్టివు. తాడు తెగితే పడవ నడిపే సరంగు నోట వచ్చేది ఇంటర్జెక్షను. అది మాత్రం మీరు అనకండి నాయనా అనేవారు.

ఆయన మహా పిరికి మనిషి. బంట్రోతు కనబడినా తలపాగా సర్దుకునేవారు. ఆ భయాన్ని మా దగ్గర దాచుకునేవారూ కాదు, పాపం. “భయపడుతూనే చెప్పండి, కానీ చెప్పండి” అని రోజూ అనేవారు.

ఆ ఏడు ఇన్‌స్పెక్టరు దొర తనిఖీకి వస్తున్నాడనగానే మాకెవరికీ అన్నం సయించలేదు. మేం జవాబు తప్పితే ఇంగ్లీషు తరగతి ఎత్తేస్తారు, మాస్టారి ఉద్యోగం ఊడిపోతుంది. దొర వచ్చి, నన్నే లేపాడు. ప్రాపర్ నౌను అంటే ఏంటో అడిగితే గడగడా అప్పజెప్పాను. అయితే మీ మాస్టారి పేరు చెప్పు, అదీ ప్రాపర్ నౌనే కదా అన్నాడు.

గురువు పేరు నోట పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని మా అమ్మ చెప్పి పెంచింది. ఊళ్లో పిల్లలం ఎవరమూ ఆ పేరు పలికి ఎరగం. నాకేమీ రాదని రాసుకోవడానికి దొర కలం ఎత్తాడు. చెబితే మాస్టారి ప్రాణం, చెప్పకపోతే మాస్టారి కూడు.

మాస్టారు గోడవార నుంచి నా దగ్గరకొచ్చారు. తలపాగా సర్దుకుంటూనే ఉన్నారు.

“చెప్పు నాయనా. దోషం ఏదన్నా ఉంటే నాకే తగలనీ.”

కళ్లు గట్టిగా మూసుకుని, చివర గారు తగిలించి, ఆ పేరు అరిచేశాను.

ఆయనకు ఏం తోచిందో, చేతులు రెండూ పక్కలకు ఆనించి, హాజరు పిలిచినప్పుడు మేం నిలబడ్డట్టే నిటారుగా నిలబడి, “ప్రెజెంట్ సార్” అన్నారు.

ఎవరూ నవ్వలేదు. దొర ఎత్తిన కలంతోనే తరగతి ఉంచమని రాసి వెళ్లిపోయాడు. దొర పడవ కాలవ లాకులు దాటేదాకా మాస్టారు అలాగే నిలబడి ఉన్నారు.