ఒక్క మార్కు కోసం కుప్పం దాకా

మదనపల్లె బస్టాండులో కుప్పం బస్సు ఉదయం ఆరుంబావుకు బయలుదేరుతుంది. ఆ బస్సులో కూర్చుని వెళ్లాలనుకునేవాళ్లు ఆరింటికే వచ్చి కిటికీలోంచి సీట్లో తువ్వాలు వేసుకోవాలి. నేను వేసుకోలేదు. వేసుకున్నాయనతో పోట్లాడి ఒక సీటు సంపాదించి, రెడ్డిరాణిని కూర్చోబెట్టి పక్కన నిలబడ్డాను. మీరు కూర్చోండి మేడం అని ఆ పిల్ల రెండుసార్లు అంది. నోరు మూసుకుని కూర్చోమన్నాను. కోపం నాకు ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. ఆ రోజు నెత్తికెక్కింది.

రెడ్డిరాణి మా హైస్కూల్లో ఎనిమిదో తరగతి. వాళ్ల నాన్న టమోటా మండీలో హమాలీ. నేను ఆ బళ్లో భౌతికశాస్త్రం చెబుతాను. సైన్సు పోటీ పరీక్షలో నెగ్గినవాళ్లను పది రోజుల శిబిరానికి తీసుకెళతారు. ఈ పిల్లకు ఒకే ఒక్క మార్కులో ఆ అవకాశం పోయింది. బస్సు ఉన్నట్టుండి ఆగితే మనం ముందుకు ఎందుకు పడతాం అన్నది ప్రశ్న. "మనల్ని ఎవరూ తోయరు. బస్సుతో పాటు కాళ్లు ఆగుతాయి, ఒళ్లు మాత్రం అదే వేగంతో పోతూ ఉంటుంది" అని రాసింది. బంగారం లాంటి జవాబు. సున్నా వేశారు. పోటీ నడిపేవాళ్లు అచ్చేసిన జవాబుల కాగితంలో "ముందుకు నెట్టే బలం వల్ల" అని ఉంది. అభ్యంతరం ఉంటే ఫోన్లో వినరట. పిల్లను వెంటబెట్టుకుని పన్నెండింటిలోపల కుప్పంలో వాళ్ల గదికి రావాలట.

ఆడవాళ్లకు బస్సు ఉచితం గనక, ఆధార్ కార్డులు చూపిస్తే కండక్టరు ఇద్దరికీ సున్నా టికెట్లు కొట్టాడు. సున్నా అన్న మాట వింటేనే ఒళ్లు మండింది. ఏడుంబావుకు పుంగనూరు. బస్సు పది నిమిషాలు ఆగింది, దిగి ఇడ్లీ తిన్నాం. వేడిగా ఉన్నాయి, పచ్చడి మాత్రం నీళ్లు.

పుంగనూరు దాటాక ఒక ఆవు రోడ్డు మీదికి వచ్చింది. ఆ ఊరి పేరు మోసే పొట్టి ఆవు కాదు, మామూలు జెర్సీదే. డ్రైవరు బ్రేకు తొక్కాడు. నేను వెళ్లి ముందున్న కమ్మీకి గుద్దుకున్నాను. ఒక ముసలమ్మ గంపలోని టమోటాలు డ్రైవరు దాకా దొర్లాయి. ఎవడ్రా నన్ను తోసింది అని ఆమె వెనక్కి తిరిగి తిట్టడం మొదలుపెట్టింది.

"ఎవురూ తోయలేదమ్మా," అన్నాడు కండక్టరు, టమోటాలు ఏరుతూ. "బండి నిలిచిపాయ, నువ్వు నిలవలేదు. అంతే."

విన్నావా అని రెడ్డిరాణి వైపు తిరిగాను. టికెట్లు కొట్టే ఆయనకు తెలిసింది ఆ జవాబుల కాగితం రాసిన మహానుభావుడికి తెలియలేదు. వాడు జన్మలో బస్సెక్కాడా అని బస్సంతా వినేలా అడిగాను. పిల్ల తలవంచుకుంది. నా గొంతుకు సిగ్గుపడుతోందనుకున్నాను.

పలమనేరులో సగం బస్సు ఖాళీ అయింది. నాకూ సీటు దొరికింది. బైరెడ్డిపల్లె మీదుగా కుప్పం చేరేసరికి పదిన్నర. పోటీ నడిపేవాళ్ల గది బస్టాండుకు నడిచేంత దూరంలోనే ఉంది. అక్కడ రిటైరైన మాస్టారు ఒకాయన కూర్చుని ఉన్నాడు. నేను పావుగంట అరిచాను. పిల్లల ఉసురు తగులుతుందన్నాను. ఈ జవాబు రాసినవాడికి పాఠం చెప్పే అర్హత లేదన్నాను. ఆయన అంతా విని, ఒక కాగితం తీసి నా ముందు పెట్టాడు.

"ఈ చేతిరాత మీదే కదమ్మా?"

నాదే, కింద నా పేరు కూడా ఉంది. కొన్నేళ్ల కిందట తనిఖీ ఉందని తెలిసి, ఒక్క పూటలో గైడు చూసి ఎక్కించిన నోట్సు. సాటి టీచర్లు అడిగితే ఫోటోలు తీసి మా గ్రూపులో పెట్టాను. అది బడి నుంచి బడికి పోయింది. ఎవరూ సరిచూడలేదు, నేను అసలే చూడలేదు. ఏటా అదే చెబుతూ వచ్చాను. మొన్న రెడ్డిరాణి జవాబు చదివినప్పుడు అదే సరైనదని వెంటనే తెలిసింది గానీ, నా నోట్సులో ఏముందో తెరిచి చూడాలని తోచలేదు.

"మీ నోట్సు శానా బాగుంటాదంటే దాంట్లోంచే తీసినాము," అన్నాడాయన. "తప్పని రాసి సంతకం పెట్టండమ్మా. పాపకు మార్కు కలుపుతాను."

పెట్టాను. చెంప మీద కొట్టినట్టే ఉంది. మార్కు కలిపారు, శిబిరం జాబితాలో పిల్ల పేరు ఎక్కింది. ఇద్దరం రాగిసంగటి, ఊరిబిండి పచ్చడి తిన్నాం. బాగుందని ఆ పిల్లే చెప్పింది, నాకు రుచి తెలియలేదు.

ఒంటిగంటన్నరకు తిరుగు బస్సు. కుప్పం వెళ్లదలచినవాళ్లకు రోడ్డు గురించి బెంగ అక్కర్లేదు, బాగుంది. బైరెడ్డిపల్లె దాటాక అడిగాను, నోట్సులో ఉన్నట్టు ఎందుకు రాయలేదని.

"మునుపొకసారి బస్సులో పడినప్పుడు తిరిగి సూసినా మేడం. వెనక ఎవురూ లేరు. నోట్సు తప్పని ఆ పొద్దే తెలుసు."

మరి నాకెందుకు చెప్పలేదన్నాను.

"మీరు కోప్పడతారని."

పలమనేరులో బస్సు ఆగినప్పుడు, నోట్సులో ఇంకేమైనా తప్పులున్నాయా అని అడిగాను. ఆ పిల్ల నా మొహం వంక చూసింది. కిటికీ వైపు తిరిగింది. మళ్లీ చూసింది.

"ఉండాయి," అంది.

పుంగనూరు దాటేదాకా చెబుతూనే ఉంది. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదని ఈసారి వెతుక్కోవలసిన పని లేకపోయింది.