వీధంతా స్టార్లు

డిసెంబరు వచ్చిందంటే కంచరపాలెంలో మా పక్కింటి అక్క డాబా మీద వెదురుకర్రకి కాగితం స్టారు కట్టేది. ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. మా వీధిలో క్రైస్తవుల ఇల్లు అదొక్కటే. తెల్లవారుజామున నేను ధనుర్మాసం ముగ్గు పెట్టుకునేది ఆ స్టారు వెలుగులోనే.

పోయినేడాది ఎవడో రాయి విసిరాడు. స్టారు చిరిగింది, బల్బు పగిలింది. గోడ మీద బొగ్గుతో ఓ బూతు మాట, దాని కింద 'వెళ్లిపో' అని. వాడి చెయ్యి పడిపోను! నాకు ఒళ్లు మండింది. అక్క మాత్రం బక్కెట్టు తెచ్చుకుని గోడ కడుక్కుంది.

ఊరుకోవడమేమిటని నేనే ఇంటింటికీ తిరిగాను. తలా ఒక స్టారు కడదామన్నాను. ఒక్కరూ కాదనలేదు. మా వీధి కరెంటు పనులు చూసే సాయిబు గారు నమాజు చేసుకుని వచ్చి వైర్లు లాగారు. అయ్యప్ప మాలలో ఉన్న ఎదురింటి తమ్ముడు నల్లబట్టలతోనే నిచ్చెనెక్కాడు. అతని పడిపూజకి ఏటా అరటిగెల పంపేది అక్కే మరి. సాయంత్రం స్విచ్చు వేస్తే వీధంతా వెలిగింది. అక్క కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేనేదో సాధించేశానని తెగ పొంగిపోయాను.

మర్నాడు ఫోన్లలో ఒక వీడియో తిరిగింది. మా వీధే. నిచ్చెన మీద నల్లబట్టల తమ్ముడు, చేతిలో స్టారు. నర్సమ్మ వీధి మొత్తాన్నీ మతం మార్చేసిందట, మాల వేసుకున్న స్వామిని కూడా వదల్లేదట.

అదేం కాదని తమ్ముడు కనబడ్డవాళ్లకల్లా చెప్పుకున్నాడు. వినేదెవరు? ఆ వీడియో తిరిగే వాట్సాప్ గ్రూపులో అబద్ధమని రాస్తే నన్ను తీసి పారేశారు. స్టేషనుకి వెళ్తే, అవన్నీ దింపేస్తే గొడవే ఉండదు కదమ్మా అన్నారు. పట్టపగలే బైకుల మీద వచ్చి అక్క గేటు ముందు హారన్లు కొట్టి, తిట్టి పోయేవాళ్లు. కిటికీలోంచి చూడ్డం తప్ప మాకేం చేతకాలేదు.

చివరికి అక్కే మా గుమ్మంలోకి వచ్చింది.

"స్టారు దింపీమ్మా. అందరికీ సెప్పొచ్చాను, నువ్వే మిగిలావు."

"నాను దింపను. ఆళ్లకి బయపడతన్నావేటక్కా?"

"బయమే మరి. మీ ఇళ్లకి కట్టినా, ఆళ్లొచ్చేది నా ఇంటికేనమ్మా."

స్టూలు తెచ్చుకుని ఎక్కాను. స్టారు అందక మునివేళ్ల మీద లేచాను. నేనెక్కడ పడిపోతానోనని అక్కే కింద స్టూలు గట్టిగా పట్టుకుంది.