ఏడుపుకు సన్మానం

మా బ్లాకులో ఒక మనిషికి ఏడ్చినందుకు సర్కారు సన్మానం జరిగింది. జరిపించింది నేనే. గొప్పకు చెప్పడం లేదు.

అప్పటికి పంచాయతీ సమితులు కొత్త. నేను మెట్‌పల్లి వైపు గ్రామసేవికగా పనిచేస్తున్నాను. గ్రామసేవిక అంటే ఊరూరా తిరిగి ఆడవాళ్లకు పొగ రాని పొయ్యి ఎలా కట్టాలో, పిల్లలకు ఏం తినిపించాలో చెప్పే ఉద్యోగం. నాకు ఇరవై రెండేళ్లు, పెళ్లి కాలేదు, పిల్లలు లేరు, మా ఇంట్లో పొయ్యి ముట్టించేది మా అవ్వ. మా దిక్కు అమ్మను అవ్వ అంటారు. అయినా చెప్పేదాన్ని. వాళ్లు మర్యాదగా విని, నేను పోయాక పాత పొయ్యి మీదనే వండుకునేవాళ్లు.

ఒకరోజు సమితి ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. మహిళా మండలుల వార్షికోత్సవంలో నిస్వార్థంగా ప్రజాసేవ చేసిన మహిళలను సన్మానిస్తారట, ఒక్కో గ్రామసేవిక ఒక్కో పేరు పంపాలట. నా తోటి ఆమె ఒకతి తన ఊరి దొరసాని పేరు పంపింది. దొరసాని చేసిన సేవ బడికి కుర్చీలు ఇవ్వడం. సభ రోజున అవే కుర్చీలు వేదిక మీదికి వచ్చాయి, వాటిలో ఒకదాని మీద ఆమె కూర్చుంది. ఇంకొకామె కుట్టుపని నేర్పే టీచరమ్మ పేరు పంపింది. ఆ పనికి టీచరమ్మకు నెలనెలా జీతం వస్తుంది కదా అని ఎవరూ అడగలేదు. నేను మాత్రం నిజంగా నిస్వార్థంగా పనిచేసే మనిషి ఎవరా అని ఆలోచించాను. తప్పు అక్కడే జరిగింది.

నాకు తట్టిన మనిషి మా పెద్దవ్వ. సొంత పెద్దవ్వ కాదు. ఆమె, మా అవ్వ ఒకే ఊరి ఆడబిడ్డలు, చిన్నప్పుడు కలిసి బర్రెలు కాసినవాళ్లు. పెళ్లిళ్లయి రెండు వేరు ఊళ్లకు వచ్చారు. మధ్యలో రెండు కోసుల దూరం, ఒక వాగు. అవ్వ ఆమెను అక్కా అనేది కాబట్టి నాకు పెద్దవ్వ అయింది.

మా దిక్కు ఒక కట్టుబాటు ఉంది. పెండ్లికి పిలిస్తేనే పోవాలి, చావుకు పిలవకుండానే పోవాలి. ఈ మాట అందరూ చెబుతారు, చెప్పి తమకు కావలసినవాళ్ల చావులకే పోతారు. పెద్దవ్వ ఒక్కతే ఆ మాటను ఉన్నదున్నట్టు పట్టుకుంది. చుట్టుపక్కల ఏ ఊళ్లో ఎవరు పోయినా, కబురు చెవిన పడితే చాలు, చేతిలో పని వదిలేసి నడిచేది. పోయి శవం తల దగ్గర నేల మీద కూర్చుని శోకం అందుకునేది. శోకమంటే వట్టి కన్నీళ్లు కాదు. రాగం తీసి, చనిపోయిన మనిషితోనే మాట్లాడుతూ ఏడవడం. ఆ మనిషి ఏ మడి దున్నాడు, ఏ కూర ఇష్టంగా తిన్నాడు, ఎవరితో కయ్యం పెట్టుకున్నాడు, అన్నీ అందులో వచ్చేవి. ముఖస్తుతి ఉండేది కాదు. ఒక పిసినారి రైతు మీద "జానెడు గట్టుకు అన్నదమ్ములతోని కొట్లాడితివి బావా, గిప్పుడు గింత భూమి ఇడిసి యాడికి పోతున్నవు బావా" అని ఏడ్చింది. అంతదాకా చుక్క కన్నీరు రాని అతని కొడుకులు అప్పుడు గొల్లుమన్నారు.

ఇంటివాళ్ల ఏడుపు బయటపడ్డాక ఆమె కొంగు నడుముకు దోపి నీళ్లు మోసేది. పిల్లలను పక్కింటికి తోలి అన్నం పెట్టించేది. ఏడవలేక బిగుసుకుపోయినవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల దగ్గర రెండు మూడు రోజులైనా కూర్చునేది. చావింటికి పోయి వస్తే ఎట్లాగూ స్నానం తప్పదు, ఏ వాడకు పోయినా అదే స్నానం, అందుకని ఆమెకు అన్ని వాడలూ ఒక్కటే. సమానత్వం గురించి మాకు ట్రైనింగులో చాలా రోజులు పాఠం చెప్పారు. ఇంత తేలికగా మాత్రం చెప్పలేదు.

దరఖాస్తులో ‘సేవ రకం’ అని ఒక గడి, ‘లబ్ధి పొందినవారు’ అని ఇంకో గడి ఉన్నాయి. మొదటి గడిలో ‘ఏడవడం’ అని రాసి బీడీవో గారి దగ్గరికి తీసుకుపోయాను. ఆయన కోస్తా వైపు నుంచి వచ్చిన మనిషి. మంచివాడే. కాగితం మీద ఉన్నది ఏదైనా నమ్మేవాడు, లేనిది నమ్మేవాడు కాదు.

"ఏడవడం సేవ ఎలా అవుతుందమ్మా? మా ఊళ్లోనూ అందరూ ఏడుస్తారు" అన్నాడు.

"మీ ఊళ్లె ఎవలోళ్లకు వాళ్లు ఏడుస్తరు సార్. ఈమె అందరికి ఏడుస్తది" అన్నాను.

ఆయన ‘ఏడవడం’ కొట్టేసి, ‘ఆపద సమయమున కుటుంబములకు ధైర్యము కల్పించుట’ అని స్వయంగా రాశాడు. రాశాక ఆయనకు నమ్మకం కుదిరింది. రెండో గడి దగ్గర ఇద్దరం చాలాసేపు ఆగిపోయాం. లబ్ధి పొందినవారు చనిపోయినవాళ్లా, బతికి ఉన్నవాళ్లా అన్నది తేలలేదు. చివరికి ‘అనేకులు’ అని రాశాం.

పెద్దవ్వ రానంది. "ఏడిస్తె సన్మానమేంది, నవ్వుతరు" అంది. మా అవ్వే పోయి బతిమాలింది. "పోరి నౌకరిల మాట పోతది అక్కా. ఒక్క పూట కూసోని రా" అంది. చెల్లె మాట తీసేయలేక పెద్దవ్వ వచ్చింది.

సభలో ఆమె కుర్చీ అంచున కూర్చుంది. మెడలో బంతిపూల దండ వేశారు, శాలువా కప్పారు, ప్రశంసాపత్రం చేతిలో పెట్టారు. రెండు మాటలు మాట్లాడమన్నారు. ఆమె లేచి మందిని చూసింది. అంతమంది చప్పుడు చేయకుండా కూర్చుని చూస్తుండడం, మధ్యలో పూలదండ, ఇలాంటిది ఆమె చావు ఇళ్లలోనే చూసింది.

"నాకు మాట్లాడుడు రాదు. ఏడ్సుడు వస్తది" అంది. "గీడ ఎవలు సావలే గద."

చెప్పి కూర్చుంది. జనం చప్పట్లు కొట్టారు. చాలా సహజంగా మాట్లాడిందని బీడీవో గారు మెచ్చుకున్నాడు. నేను ఆ రోజంతా నేల మీద నడవలేదు.

నెల తిరగకముందే పక్క ఊళ్లో ఒక పెద్ద రైతు చనిపోయాడు. కబురు విని పెద్దవ్వ బయలుదేరడానికి కొప్పు ముడుచుకుంటోంది. అంతలో ఆమె వాకిట్లో కచ్చురం బండి ఆగింది. కచ్చురమంటే గూడు ఉన్న ఎడ్లబండి, పెద్దిళ్ల ఆడవాళ్లు ఎక్కేది. తోలుకొచ్చిన మనిషి దిగి దండం పెట్టాడు.

"మా చిన్న పటేల్ పిలుసుకరమ్మన్నడు. సర్కారు సన్మానం చేసిన ఆమెనే రావాలన్నడు."

పెద్దవ్వ ముడుచుకున్న కొప్పు విప్పేసింది. "పిలిస్తె వచ్చేటందుకు గది పెండ్లి గాదు బిడ్డా. బండి మలుపుకో" అంది.

ఆమె పోని మొదటి చావు అది. ఎందుకు రాలేదో ఎవరికీ అంతుపట్టలేదు. పంపిన మనిషి చిన్నవాడైనందుకు కోపం వచ్చిందేమోనని, ఆ తర్వాత చావు జరిగిన ఇంటివాళ్లు ఏకంగా సర్పంచును పంపారు. ఆయననూ మంచినీళ్లిచ్చి పంపేసింది. కూలినాలి చేసుకునేవాళ్లు మాత్రం మనం పిలిస్తే వస్తుందా అని పిలవనే లేదు. ఆమెకు కావలసిందీ అదే. అలాంటి ఒక ఇంటికి ఎప్పటిలాగే నడిచి పోయింది. ఆమెను చూడగానే శవం చుట్టూ ఉన్న ఆడవాళ్లు లేచి నిలబడ్డారు. ఒకాయన పరుగున పోయి ఎవరింటి నుంచో కుర్చీ తెచ్చి వేశాడు. చావింట్లో కుర్చీ. ఆమె దాన్ని పక్కకు నెట్టి, నేల మీద కూర్చుని శోకం అందుకుంది. అందరూ తమ ఏడుపు ఆపి, బుద్ధిగా చేతులు కట్టుకుని విన్నారు. ఆమె సగంలో ఆపేసి లేచి వచ్చింది. ఇక ఏ చావుకూ పోలేదు.

నేను సర్దిచెప్పడానికి పోయాను. సర్దిచెప్పడం గ్రామసేవికలకు ఒక రోగం.

"వాళ్లు నీకు ఇజ్జత్ ఇస్తున్నరు పెద్దవ్వా. గంతే గద" అన్నాను.

ఆమె చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. తల ఎత్తలేదు. "నన్ను సూసి ఏడుపు బందు వెట్టిండ్రు బిడ్డా. గా ఇజ్జత్ నాకెందుకు? నువ్వు మేలు జేసిననుకున్నవు. నా తొవ్వ మూసినవు" అంది. ఇంకో నాలుగు రాళ్లు ఏరాక "ఇగ నా దగ్గరికి రాకు" అని కూడా అంది. గొంతులో కోపం లేదు. కోపం వచ్చింది నాకే. ఇంత చేస్తే ఇదా ఫలితం అని తిట్టుకుంటూ ఇంటిదారి పట్టాను. వాగు దాటేసరికి కోపం దిగిపోయింది, ఆమె అన్నదాంట్లో ఒక్క తప్పు కూడా దొరకలేదు.

ఆ వానాకాలంలోనే మా అవ్వకు కాళ్లు వాచాయి. నాలుగడుగులు వేస్తే ఆయాసం. కరీంనగర్ తీసుకుపోయి పెద్ద డాక్టరుకు చూపించాం. గుండె పాడైందని చెప్పి మందులు రాశాడు, నన్ను బయటికి పిలిచి ఇంకో మాట కూడా చెప్పాడు. ఆ మాట నేను అవ్వకు చెప్పలేదు. ఆమె అడగనూ లేదు. ఆమె అడిగింది వేరు.

"నేను పోతె అక్క వస్తదా?"

"గట్ల మాట్లాడకవ్వా."

"అడిగినదానికి చెప్పు. ఆమె మనసు ఇరిసింది నువ్వే. వస్తదా రాదా?"

తెలియదన్నాను.

"పిలువకుండ్రి. పిలిస్తె అస్సలే రాదు" అంది. "నీకు చిన్నప్పటిసంది ఏడుపు రాదు. మీ అన్న మొగోడు. నా మీద ఏడ్సేది అక్క ఒక్కతే. ఏడ్వకుంట మోసుకపోతె, పెంట పారవోసినట్టుంటది బిడ్డా."

మా అవ్వ చావుకు భయపడలేదు, దీనికి భయపడింది. ఆ భయం నేను పంపిన దరఖాస్తు వల్ల వచ్చింది. నాకు సిగ్గుగానూ ఉంది, దుఃఖంగానూ ఉంది. పోయి పెద్దవ్వ కాళ్ల మీద పడదామంటే అది కూడా పిలవడమే అవుతుంది. ఏమీ చేయకుండా ఉండడమే నేను చేయాల్సిన పని. అంత కష్టమైన పని సమితి ఆఫీసు కూడా ఎప్పుడూ చెప్పలేదు.

చలికాలం మొదట్లో ఒక పొద్దున అవ్వ అంబలి తాగి, గిన్నె పక్కన పెట్టి, గోడకు ఒరిగి అలాగే పోయింది. చుట్టాల ఊళ్లకు మనుషులను పంపాం. పెద్దవ్వ ఊరికి పంపవద్దని అన్నకు ముందే గట్టిగా చెప్పి ఉంచాను. వాడకట్టు ఆడవాళ్లు వచ్చి ఏడవాల్సినంత ఏడ్చి కూర్చున్నారు. నా కళ్లు పొడిగా ఉన్నాయి. చాపలు పరిపించాను, వచ్చినవాళ్లకు నీళ్లు ఇప్పించాను, ఎవరు ఎక్కడ కూర్చోవాలో చూపించాను. వార్షికోత్సవం నడిపినట్టే మా అవ్వ చావును నడుపుతున్నాను.

పొద్దు బాగా ఎక్కాక చూస్తే కొట్టంలో ఎడ్లు లేవు. బండి ఏదని అన్నను అడిగాను. అన్న నేల చూపులు చూశాడు.

"పెద్దవ్వకు తోలిచ్చిన. పాణం ఆగలే చెల్లె. అవ్వ మీద ఏడ్సేటోళ్లు లేరు" అన్నాడు.

నేను అరిచాను. అవ్వ చెప్పి పోయింది ఒక్క మాట, ఆ ఒక్కటీ నిలపలేకపోయావు, నువ్వేం కొడుకువని శవం ముందరే అరిచాను. వాకిట్లో ఉన్నవాళ్లకు మాటలు అందలేదు, గొంతు అందింది. పాపం బిడ్డ ఇప్పటికి ఏడ్చిందని వాళ్లు ఊరట పడ్డారు. నిజానికి అన్నను అనే హక్కు నాకు లేదు. ఆయన బండి పంపాడు, నేను అంతకు ముందే శాలువా పంపాను.

మధ్యాహ్నానికి పాడె తయారైంది. ఇక లేపుదామని పెద్దమనుషులు తొందర పెడుతున్నారు. అప్పుడు బాట మలుపులో మా బండి కనిపించింది. బండిలో ఎవరూ లేరు. తోలుకుపోయిన మా జీతగాడు కూడా బండి మీద లేడు. అతను మా అన్న ఈడు మనిషి, ఎడ్ల ముందు పగ్గం పట్టుకుని తల వంచి నడుస్తున్నాడు. రాలేదన్నమాట. అన్న అరుగు మీద కూలబడ్డాడు. నేను ఖాళీ బండిని చూస్తూ నిలబడ్డాను. అవ్వకు ఏం చెప్పాలో తెలియలేదు.

బండి వాకిట్లోకి తిరిగాక దాని వెనకాల పెద్దవ్వ కనిపించింది. వాగులో తడిసిన చీర మోకాళ్లకు అతుక్కుని ఉంది. నడిచి వస్తోంది.

జీతగాడు అన్న దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పాడు. "వాగు కాడ ఎదురైంది పటేలా. అప్పటికే గీ దిక్కే వస్తుంది. మీరు పిలుసుకరమ్మన్నరని చెప్పి బండి ఎక్కుమన్న. ‘మీ పటేల్ ఇంటికి నేను వస్తలేను. నా చెల్లె సచ్చింది, ఆడికి పోతున్న. నీ బండి నువ్వు తోలుకపో’ అన్నది. గంత పెద్దమనిషి నడుస్తుంటె నేను బండి మీద ఎట్ల కూసోవాలె?"

ఆమెకు కబురు ఎవరు చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు. ఆమె మమ్మల్ని ఎవరినీ పలకరించలేదు. నేరుగా పోయి అవ్వ తల దగ్గర కూర్చుని, చెంప మీద చెయ్యి వేసి, శోకం అందుకుంది. బర్రెలు కాసిన నాటి నుంచి ఎత్తుకుంది. ఎండలో పంచుకున్న సద్ది, ఒకే ఏడు అయిన పెండ్లిళ్లు, మా తండ్రి పోయినప్పుడు అవ్వ మీద పడిన సేద్యం, అన్నీ వరుసగా వచ్చాయి. అప్పుడు నా మాట వచ్చింది.

"బిడ్డ సదువుకు పోతుంటె నవ్వుకుంట సాగదోలితివి చెల్లె. బస్సు కండ్ల మరుగైనంక రెండు కోసులు నడిసి నా వాకిట్లకు వస్తివి చెల్లె. బిడ్డ సూస్తె ఆగిపోతదని నా కొంగుల ముఖం వెట్టి ఏడిస్తివి చెల్లె. ఏడ్సి, ముఖం కడుక్కోని, పాలు పిండే యాళ్లకు ఇల్లు చేరితివి చెల్లె. గిప్పుడు నీ మీద ఏడ్సి, నేను ఎవ్వల వాకిట్లకు పోవాలె చెల్లె."

నేను ట్రైనింగుకు పోయిన రోజు అవ్వ నవ్వింది. నాకు బాగా గుర్తుంది. ఆడపిల్ల భారం కొంత తగ్గినందుకు సంతోషపడిందనుకున్నాను. అప్పటి నుంచి ఆమె చచ్చిపోయేదాకా అలాగే అనుకుంటూ, ఆ కోపంతోనే ఆమె చేతి అన్నం తిన్నాను.

నాకు రాగం రాలేదు. ఏడుపు వచ్చింది. పెద్దవ్వ నా వైపు చూడలేదు. శోకం ఆపకుండానే కొద్దిగా పక్కకు జరిగి, అవ్వ తల దగ్గర నాకు చోటిచ్చింది.