దబ్బనంతో కుట్టిన బడి

మా ఆయన పేరు షేక్ నాగూర్ వలి. పర్చూరులో చీరాల రోడ్డు మీద పరుపుల కొట్టు. కొట్టు ఎక్కడని అడిగితే చెప్పేవాళ్ళు తక్కువే గానీ, సగం వలి ఎక్కడుంటాడని అడిగి చూడండి, చెయ్యి పట్టుకుని తెచ్చి మా గుమ్మంలో దించిపోతారు. ఆ పేరుతో పాటు నాకూ ఒక పేరు వచ్చిపడింది, సగం వలి భార్య అని. పెళ్ళయిన కొత్తలో ఆ మాట వింటే ఏడుపొచ్చేది. తర్వాత కోపం వచ్చేది. ఆ తర్వాత కూడా కోపమే వచ్చేది.

పేరు ఊరికే రాలేదులెండి. మా మేడ మెట్లకు చేతి కమ్మీ సగం దాకే ఉంటుంది, పై సగం ఎవరి జాగ్రత్త వాళ్ళది. వంటింటికి రంగు వేస్తే చెయ్యి అందినంతవరకే వేశారు. హార్మోనియం నేర్చుకుంటానని కొని ఒక పాటలో పల్లవి దాకా వచ్చి ఆపేశారు, చరణం ఎలా ఉంటుందో మా వీధికి ఇప్పటికీ తెలియదు. హిందీ పరీక్షలు, కోళ్ళగూడు, పెరట్లో పాదులకి పైపులు, అన్నీ అంతే. మొదలుపెట్టేటప్పుడు ఆయన మొహం పెళ్ళికొడుకులా వెలిగిపోతుంది. పని సగానికి వచ్చేసరికి ఆ వెలుగు తగ్గుతుంది, సామాను అటకెక్కుతుంది. మా పెళ్ళి ఒక్కటే పూర్తిగా జరిగింది, అదీ ఖాజీ గారు దగ్గర కూర్చుని సంతకం పెట్టించబట్టి.

ఒక్కోసారి ఆయన తప్పేముందిలే అని కూడా అనిపిస్తుంది. మా మామగారు దూది ఏకే విల్లు భుజాన వేసుకుని ఊరూరూ తిరిగేవారు. ఆ దూది నుసి ఊపిరితిత్తుల్లో చేరి ఆయన మంచాన పడ్డారు. అప్పుడు ఈయన పదో తరగతి మధ్యలో ఉన్నారు. పుస్తకాల సంచి గోడకి తగిలించి విల్లు అందుకున్నారు. ఈయన జీవితంలో మొదట సగంలో ఆగింది ఆ చదువే, మిగతావన్నీ దాని వెనకాల వచ్చినవే.

కాగితం పిచ్చి మాత్రం ఆయనకి అక్కడే, ఆ బళ్ళోనే పట్టుకుంది. పరీక్ష కాగితాలు మడిచి ఇళ్ళు కట్టేవారట. పెళ్ళయ్యాక ఇంటికొచ్చిన శుభలేఖ ఒక్కటీ పారేయనిచ్చేవారు కాదు, దళసరి అట్ట కదా అని దాచేవారు. పని లేనప్పుడు కొట్లో కూర్చుని కత్తెరతో ఏదో ఒక ఇల్లు మొదలుపెట్టేవారు. తలుపులుంటే కప్పు ఉండేది కాదు, కప్పు ఉంటే వెనక గోడ ఉండేది కాదు. అవన్నీ హార్మోనియం పక్కన అటక మీదే ఉన్నాయి.

నిరుడు మిరప కోతల రోజుల్లో మా ఊరి హైస్కూలు పాత భవనాన్ని పడగొడుతున్నారని తెలిసింది. బెంగుళూరు పెంకుల కప్పు, బారు వరండా, గుండ్రటి స్తంభాలు. పక్కన కొత్త భవనం అప్పటికే లేచింది, పాతదానితో ఎవరికీ పని లేదు. మా ఆయన పరుపులు కొలిచే టేపు పట్టుకుని వెళ్ళారు. వారం పాటు ఆ బడి చుట్టూ తిరిగి గోడలు, కిటికీలు, స్తంభాల నడుమ దూరం, అన్నీ కొలుచుకొచ్చారు. పరుపు కొలవడానికి వచ్చాడా బడికి అని పలుగు పట్టిన కూలీలు నవ్వారట. ఆయన తిరిగొచ్చేటప్పటి మొహం చూశాను. మళ్ళీ పెళ్ళికొడుకు.

ఆగస్టులో పాత విద్యార్థులంతా కలుసుకోవాలని వేసవికి ముందే ఒక కమిటీ ఏర్పడింది. దానికి పెద్ద శ్రీకృష్ణ గారు, ఎరువుల కొట్టాయన. మా ఆయనతో కలిసి ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు, ఊళ్ళో ఈ సగం పేరు మొదట పెట్టినవాడు కూడా ఆయనే. ఒక సాయంత్రం ఎరువుల కొట్టు ముందు కమిటీవాళ్ళు మాట్లాడుకుంటుంటే, మన బడిని కాగితంతో కట్టి తెస్తాను, వేదిక పక్కన ఒక బల్ల వెయ్యండి అని ఈయన అడిగారు. నేను సరుకులు కొనుక్కుని అటే వస్తున్నాను, అంతా నా చెవిన పడింది.

"ఏరా వలీ, మొత్తం తెస్తావా? సగం బళ్ళో మమ్మల్ని కూర్చోబెడతావా?" అన్నారు శ్రీకృష్ణ గారు. చుట్టూ ఉన్నవాళ్ళు విరగబడి నవ్వారు.

మా ఆయన నవ్వలేదు. "మొత్తం తెస్తా. తేలేకపోతే కొట్టు బోర్డు మీద సగం వలి అని నేనే రాయించుకుంటా" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నోటితో అనే పేరు గాలికి పోతుంది, బోర్డు మీద రంగుతో రాసిన పేరు ఎక్కడికి పోతుంది? రోజూ ఆ బోర్డు కిందనుంచి నేను కూడా నడవాలి కదా. ఇంటికొచ్చి రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన గమనించినట్టు కూడా లేదు, అడుగుకి అరంగుళం చొప్పున గోడలు గీసుకుంటూ కూర్చున్నారు.

వేసవంతా మా మంచం మీద ఆ బడే పడుకుంది, మేం కింద చాప మీద పడుకున్నాం. గోడలకి శుభలేఖలు రెండేసి అతికించారు. స్తంభాలకి కేలెండరు కాగితం చుట్టారు. పెంకుల కోసం పురుగుమందుల అట్టపెట్టెలు నీళ్ళలో నానబెట్టి, పైపొర ఒలిచి, లోపల చాళ్ళు చాళ్ళుగా ఉండే కాగితం బయటికి తీశారు. దానికి ఇటుకరంగు పూస్తే అచ్చం బెంగుళూరు పెంకులే. ప్రతి గదిలో నల్లబల్ల, బెంచీలు. కిటికీ ఊచలు కూడా కాగితమే, సన్నగా మెలిపెట్టి పెట్టారు. అన్నిటికీ మైదాపిండి ఉడికించిన బంక. నాకు తిట్టే ఓపిక ఉంది గానీ, పక్కకి తప్పుకుని చూస్తే కళ్ళు తిప్పుకోలేకపోయేదాన్ని. జూలై వచ్చేసరికి వరండా గంట తప్ప అన్నీ అయ్యాయి. నాకు భయం కూడా అప్పుడే మొదలైంది, ఆయన ఆగేది ఎప్పుడూ ఇలాంటి చోటే.

ఈలోపు ముసురు పట్టింది. చెమ్మకి గోడలు వంకర తిరగడం మొదలుపెట్టాయి. మా పక్కింటి పేరయ్య బాబాయ్ మిరప రైతు. ఆయన వచ్చి చూసి, దీన్ని ఏసీలో పెట్టరా అన్నాడు. మా వైపు కోల్డ్ స్టోరేజీని ఏసీ అంటాం. మిరపకాయల టిక్కీలు, అంటే బస్తాలు, ఏడాది పాటు రంగు చెడకుండా ఉండేది అందులోనే. కాయే అంత భద్రంగా ఉంటే అట్ట ఉండదా అని అందరికీ అనిపించింది. మిరప పండే ఊళ్ళో విలువైనదేదైనా ఏసీకి వెళ్ళాల్సిందే అని పుట్టినప్పటినుంచీ వింటున్నాం. బాబాయ్ తన టిక్కీల పక్కన చోటు చూపించాడు. బడి ఏసీకి వెళ్ళింది. మా మంచం మాకు దక్కింది.

వేడుక ఆదివారం. శుక్రవారం పొద్దున గంట కట్టడానికని బడిని ఏసీలోంచి తీసి ట్రక్కు ఆటో ఎక్కించారు. బయట ముసురు విడిచి ఎండ చురచురలాడుతోంది. ఊళ్ళోకి వచ్చేలోపే, చల్లటి డ్రింకు సీసాకి పట్టినట్టు, గోడల నిండా చెమట పట్టింది. మైదా బంక నాని జారిపోయింది. మా వాకిట్లో దించుతుంటే ముందు వరండా ఊడి కింద పడింది, తర్వాత కప్పు లోపలికి కూలింది. ఆటోవాడు చేతుల్లో మిగిలిన గోడ పట్టుకుని దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడిపోయాడు.

పేరయ్య బాబాయ్ తల పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. నాకైతే ఏడుపు, కోపం ఒకేసారి వచ్చాయి. బాబాయ్‌ని, ఏసీని, మిరపకాయల్ని కలిపి తిట్టాను. మా ఆయన మాత్రం నేరుగా లోపలికి వెళ్ళారు. అటక కింద వేసుకునే బల్ల లాగిన చప్పుడు వినిపించింది. అయిపోయింది, ఇది కూడా హార్మోనియం పక్కకి చేరుతుంది అనుకున్నాను. బోర్డు మీద అక్షరాలు అప్పుడే కళ్ళకి కనిపించాయి.

లోపలికి వెళ్ళి, అది అటకెక్కితే నేను కూడా మా పుట్టింటికి వెళ్ళిపోతానని గట్టిగానే చెప్పాను. ఆయన బల్ల మీదనుంచి దిగారు. చేతిలో దబ్బనం, దారం ఉండ, పాత పరుపు గుడ్డ ముక్కలు ఉన్నాయి. అవి దాచేది అటక మీదేనని నాకు తట్టలేదు.

"పరుపు తడిస్తే పారేస్తామా ఖుర్షిదా? విప్పి, ఆరబెట్టి, మళ్ళీ కుడతాం" అన్నారు.

కొట్టు మూసేశారు. మిగిలిన అతుకులు కూడా ఆయనే విప్పేశారు. ప్రతి గోడనీ పాత పరుపు విప్పి ఆరేసినట్టు వాకిట్లో ఎండకి పరిచారు. ఆరినవాటిని నేను ఇస్త్రీ పెట్టెతో సాపు చేశాను. ఈసారి బంక ముట్టుకోలేదు. మూల మూలకీ లోపలివైపు పరుపు గుడ్డ ముక్క పెట్టి, దబ్బనంతో బెజ్జం చేసి, పరుపుకి వేసినట్టే టాకాలు వేశారు. ముడులన్నీ లోపలికే. ఆయన లావు వేళ్ళు ఆ గుమ్మాల్లోంచి దూరవు, నా చెయ్యి సన్నం. ఆయన బయటనుంచి సూది గుచ్చితే నేను లోపల అందుకుని లాగి ముడి వేశాను. పేరయ్య బాబాయ్ అరుగు మీదే కూర్చుని దారాలకి మైనం పూశాడు. ఆయన్ని లేవనివ్వలేదు నేను, ఏసీ సలహాకి అది శిక్ష.

ఆదివారం పొద్దున ఆటో వచ్చేసరికి ఒక్కటే మిగిలింది, వరండా గంట. గంటంటే రైలు పట్టా ముక్క, ఆ బళ్ళో అదే కొట్టేవారు. వెండి కాగితంతో చేసి సిద్ధంగా ఉంచారు గానీ, వేలాడదీయలేదు. ఆలస్యమవుతోంది, వదిలేయండి, అంత చిన్నది ఎవరు చూస్తారని నేనే అన్నాను. ఆయన ఆటో పక్కనే చతికిలబడి, సూదిలో దారం ఎక్కించి, గంట కట్టి, దారం తెంపి లేచారు. పాతికేళ్ళ కాపురంలో, కొట్టు పరుపులకి తప్ప, ఆయన తన పని చివర దారం తెంపడం నేను చూడలేదు. 

బడి ఆవరణలో షామియానా కింద జనం కిటకిటలాడుతున్నారు. బల్ల మీద పెట్టగానే అందరూ మీద పడ్డారు, నా గది ఇదే, నేను గోడ దూకిన కిటికీ ఇదే అని.  శ్రీకృష్ణ గారు మాత్రం వంగి, ఫోను లైటు వేసి, ఒక్కో గదిలోకీ తొంగి చూస్తూ చుట్టూ తిరిగారు. ఏది మిగిలిపోయిందా అని వెతుకుతున్నారని నాకు తెలుసు. వెతకనీ అని చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆయన వరండా దగ్గర ఆగి, గంటని వేలితో తాకి, అది ఊగుతుంటే చూస్తూ ఉండిపోయారు.

ఆ తొక్కిసలాటలో ఎవరో బల్లకి తగిలారు. బల్ల కాలు మడత పడింది. బడి జారి, మూల నేలకి కొట్టుకుని, ఒక పల్టీ కొట్టి వెల్లకిలా పడింది.  మా ఆయన వెళ్ళి వంగి, వరండా స్తంభాలు పట్టుకుని దాన్ని అమాంతం పైకెత్తారు. ఒక్క మూలా విచ్చుకోలేదు. ఒక్క స్తంభమూ ఊడలేదు. తువ్వాలుతో దుమ్ము దులిపి మళ్ళీ బల్ల మీద పెట్టారు. అప్పుడు లేచింది చూడండి ఈలల గోల, ఒంగోలు దాకా వినిపించి ఉంటుంది.

శ్రీకృష్ణ గారు మైకు అందుకున్నారు. మా బ్యాచి విద్యార్థి షేక్ నాగూర్ వలి గారు అని పూర్తి పేరు పలికారు. పదో తరగతి సగంలో మానేసిన మనిషిని అంతమందిలో మా బ్యాచి అన్నారు. శ్రీకృష్ణ గారి మీద ఇన్నేళ్ళుగా నేను దాచుకున్న కోపం ఆ ఒక్క పిలుపుతో చాలావరకు దిగిపోయింది. రెండు మాటలు చెప్పమని మైకు మా ఆయన చేతికిచ్చారు. ఆయన జీవితంలో మైకు పట్టుకోలేదు. జనం వైపు చూశారు, బడి వైపు చూశారు, నా వైపు చూశారు.

"అయిపోయిందండి. చూసుకోండి" అని మైకు ఇచ్చేసి దిగివచ్చారు.

అయిపోయింది అన్న మాట ఆయన నోట వినడం నాకు అదే మొదటిసారి. అందరికంటే ముందు లేచి నేను చప్పట్లు కొట్టాను. పక్కనున్న ఆడవాళ్ళు తిరిగి నన్ను చూశారు. చూడనీ అని ఇంకా గట్టిగా కొట్టాను.