కృపమ్మ తాగిన తొక్కల నీళ్లు

"తొక్కలో మందు!" అని అరిచింది దీప్తి.

"నేను చెప్పేదీ అదేనే. తొక్కలోనే ఉందంట మందు."

"జోకులెయ్యబాక అమ్మా. మాత్రలు ఎప్పుడాపావు?"

"డబ్బాలోనే ఉన్నయ్యిగా, యాడికి పోయినయ్యి?"

"ఉన్నయ్యి కాబట్టే అడుగుతుండా. మింగితే ఎందుకుంటయ్యి?"

నరసరావుపేటలో, కోటప్పకొండ రోడ్డు మీద కృపమ్మ జ్యూస్ బండి. తల్లీకూతుళ్లు బండికి అటువైపు, బత్తాయి రసం గ్లాసుతో నేను ఇటువైపు. బీఫార్మసీ మధ్యలో మానేసినవాడికి వేరే పనేముంటుంది, వింటూ నిలబడ్డాను.

కృపమ్మ ఒకప్పుడు పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో పనిచేసింది. భర్త పేతురు పోయాక ఇక్కడికొచ్చి ఈ బండి పెట్టుకుంది. పొద్దస్తమానం ఊరందరికీ తియ్యటి రసం పిండిపోస్తుంది. సుగర్ వచ్చాక తను మాత్రం చుక్క ముట్టలేదు.

ఎంఫార్మసీ చదివే భవిత ఈ మధ్య బండి దగ్గరికొచ్చి దానిమ్మ తొక్కలు సంచికెత్తుకుపోతోంది. ఎందుకని కృపమ్మ అడిగితే, "వీటిలో పదార్థాలు సుగర్ తగ్గిస్తాయేమో చూస్తున్నాం ఆంటీ. ఎలుకల్లో కొంచెం తగ్గింది" అందట. కృపమ్మకి 'తగ్గింది' ఒక్కటే వినపడింది. తొక్కలు ఎండబెట్టి, దంచి, మరిగించి తాగడం మొదలుపెట్టింది. మాత్రలు పక్కన పడేసింది.

దీప్తి వంగి తల్లి కాలి చెప్పు లాగేసింది. బొటనవేలి కింద పుండు, అంచులు నల్లబడి ఉన్నాయి.

"సున్నానికి కాలిన చోటేలే అది. బట్టీలో ఇట్టాంటియ్యి చానా చూశా. వాటంతటయ్యే మానిపోయినయ్యి."

"బట్టీ మానేసి ఎన్నేళ్లయిందమ్మా! నొప్పుందా?"

"లేదు. అందుకేగా తగ్గుతా ఉందంటుండా."

ఇక ఊరుకోలేకపోయాను.

"తగ్గి కాదు పిన్నీ, కాలు మొద్దుబారి నొప్పి తెలవట్లా. ఇట్టాగే వదిలేస్తే ముందు వేలు తీస్తారు, ఆ తర్వాత పాదం."

"చదువు మానేసినోడివి, నీకేం తెలుసురా?"

"మానేసిందాకా చదివిందే చెబుతుండా. భవిత ఆ తొక్కల్లో సారం తీసి, కొలిచి ఎలుకలకిస్తది. మనిషికి ఎంతియ్యాలో, అసలు పడుద్దో పడదో ఇంకా తేలలా. నువ్వు తాగేది ఉత్త తొక్కల నీళ్లు."

కృపమ్మ స్టూలు మీద కూలబడి తన కాలి వైపే చూసింది, అది ఎవరి కాలో అన్నట్టు. దీప్తి ఆటో పిలవడానికి రోడ్డు దాటింది.

"మింగీ మింగీ విసుగొచ్చిందిరా," అంది కృపమ్మ మెల్లగా. "పొద్దున మాత్ర, రాత్రి మాత్ర. చచ్చిందాకా ఇంతేనంట. ఆ పిల్ల ఆ మాటనంగానే ప్రాణం లేచొచ్చింది."

ఆటో వచ్చింది. కృపమ్మ దీప్తి చెయ్యి పట్టుకుని ఎక్కబోతూ నా వైపు తిరిగింది.

"ఆసుపత్రికి పోతా. మాత్రలూ మింగుతా. నువ్వొక పని చేసిపెట్టు. ఎలుకలయినాక మనుషులకెప్పుడిస్తారో ఆ పిల్లనడుగు. ఇచ్చేనాడు ముందు నా పేరు రాసుకోమను."