కూర్చోని మేస్త్రీ

మదనపల్లెలో మా పాత జీపును బాగుచేసే మేస్త్రీ ఎప్పుడూ కూర్చునేవాడు కాదు. "నేను కూసుంటే పనీ కూసుంటాదప్పా" అంటూ టీ కూడా జీపు చుట్టూ తిరుగుతూనే తాగేవాడు.

తొంభైల చివర్లో, పుంగనూరు నుంచి టమాటా మోయాలని జీపుకు గట్టి వెనక యాక్సిల్, వెనక చక్రాలను తిప్పే కొత్త డిఫరెన్షియల్ వేయించాను. మర్నాడే మొదటి లోడు. మేస్త్రీ బిగించి ఫస్టు గేరు వేస్తే జీపు వెనక్కి పోయింది. తొందరలో డిఫరెన్షియల్ లోపలి క్రౌను పళ్లచక్రాన్ని అటుది ఇటు బిగించాడు.

"పోనీలేప్పా, నా బండికి ముందుకు పోయే అలవాటు ఎప్పుడుండాది?" అన్నాను.

ఆయన నవ్వలేదు. పాత టైరు మీద కూర్చుండిపోయాడు.

"నా చేతిలో పనితనం పోయిందప్పా. ఇంకో షెడ్డు సూసుకో."

ఇన్నేళ్లూ కూర్చోమని బతిమాలిన నేనే స్పానరు అందించి, "లెయ్యప్పా" అన్నాను. ఆయన లేచేదాకా జీపు చుట్టూ తిరిగింది నేనే.