బంటింగ్ గోల్‌కీపర్ ఆపని పెనాల్టీ

పోయిన ఏడాది మా మలయ్ పత్రిక ఆటల పేజీలో, చిన్నప్పుడు మా నాన్న నోట విన్న కథ ఒకటి రాశాను. మలేసియాలో బంటింగ్ అనే ఊరి దగ్గర రబ్బరు తోటలో పుట్టి, రాష్ట్ర ఫుట్‌బాల్ జట్టుకు గోల్‌కీపర్ అయిన ఒక తెలుగాయన కథ. ఫైనల్లో ఆఖరి నిమిషంలో ఎదుటి జట్టుకు పెనాల్టీ దొరికింది. ఈయన ఎడమవైపుకు దూకి, వేలికొసతో బంతిని పక్కకు నెట్టేశాడు. తోట జనం ఆయన్ని లారీ ఎక్కించి ఊరేగించారు.

మర్నాడు పొద్దున్నే ఫోన్ వచ్చింది.

“నువ్వేనా బాబూ, నా గురించి రాసినావు?”

“నేనే మావయ్యా. బాగుందా?”

“బాగుంది. మా మనవరాలు సదివి సెప్పింది. కానీ అది అబద్ధం. ఆ బంతి నేను ఆపలేదు. గోల్ కర్రకి తగిలి పోయినాది.”

ఆ శనివారమే బంటింగ్ వెళ్లాను. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి, ఇంకా నిటారుగానే ఉన్నాడు. చేతివేళ్లు మాత్రం ఒక్కొక్కటి ఒక్కో దిక్కు చూస్తున్నాయి. ఏ వేలు ఏ ఊరి మైదానంలో విరిగిందో వరసగా చెప్పాడు. ఇన్నేళ్లూ నిజం ఎందుకు చెప్పలేదని అడిగాను.

“ఎలా సెప్తాను? పడి లేచేసరికి జనం నన్ను భుజాల మీదికి ఎత్తేసినారు. కింద మా అయ్య ఏడుస్తున్నాడు. ఆయన ఏడవడం నేను అదే మొదటిసారి సూడ్డం. అప్పుడు సెప్పమంటావేటి?”

“తర్వాతైనా?”

“మర్నాడు సెప్దామనుకున్నాను. అప్పటికే తోట దొర నాకు ఆఫీసులో పని ఇచ్చేసినాడు లా.” చివర మలయ్ ‘లా’ తగిలించి ఆయన నవ్విన నవ్వుకు నా చేతిలో టీ ఒలికింది. “ఇప్పుడు మా అయ్యా లేడు, దొరా లేడు. నిజం రాసీ.”

రాశాను. మూడో రోజున క్లాంగ్ నుంచి ఇంకో ముసలాయన ఫోన్ చేశాడు. ఆ పెనాల్టీ కొట్టిన మలయ్ ఆటగాడు. మలయ్‌లోనే మండిపడ్డాడు.

“అతని చెయ్యి తగిలింది. బంతి దారి మారడం నా కళ్లతో చూశాను. అంత గొప్ప కీపర్ కాబట్టే ఆపగలిగాడని జీవితమంతా చెప్పుకున్నాను. ఇప్పుడు నేనే గురి తప్పానని రాస్తారా? ఇంట్లో మనవలు నవ్వుతున్నారు.”

ఆ మ్యాచ్ తర్వాత వాళ్లిద్దరూ మళ్లీ కలవలేదట. బస్సెక్కితే చేరుకునేంత దగ్గర ఊళ్లలో ఉంటూ కలవలేదు. నేనే ఒక ఆదివారం పొద్దున బంటింగ్‌లో కలిపాను. కావలించుకున్నారు, ఆరోగ్యాలు అడిగారు. నురగ టీ, అదే తే తారిక్, వచ్చేలోపే మొదలుపెట్టారు. తగిలిందని ఒకరు, తగల్లేదని ఒకరు. తగిలిందన్నవాడు కొట్టినవాడు, తగల్లేదన్నవాడు ఆపినవాడు. నా ఉద్యోగంలో అలాంటి తగువు ఇంతవరకు వినలేదు.

చివరికి మలయ్ ఆయన లేచి వెళ్లి, కారు డిక్కీలోంచి కొత్త బంతి తెచ్చాడు. వచ్చేటప్పుడే కొన్నాడు. ముగ్గురం పక్కనున్న స్కూలు మైదానానికి నడిచాం.

మలయ్ ఆయన మోకాలికి పట్టీ, కాళ్లకు చెప్పులు. మొదటి బంతి కీపర్ కాళ్ల దగ్గరికి దొర్లి ఆగిపోయింది. రెండోది గోల్‌కు చాలా దూరంగా పోయింది. మూడోది ఎడమవైపుకు, నెమ్మదిగా, సరిగ్గా వెళ్లింది. మావయ్య రెండడుగులు వేసి నిజంగానే దూకేశాడు.

పరుగెత్తాను. ఆయన గడ్డిలో బోర్లా పడి ఊగిపోతున్నాడు. నొప్పితో అనుకున్నాను. నవ్వుతున్నాడు.

“తగిలింది బాబూ, ఈసారి తగిలింది. రాసుకో.”

బంతి మాత్రం ఆయన వేళ్లను దాటుకుని మెల్లగా గోల్‌లోకి దొర్లింది. అవతల చెప్పులాయన రెండు చేతులూ పైకెత్తి మైదానంలో చుట్టూ తిరుగుతున్నాడు.

దీని మీద మూడో వ్యాసం రాస్తానంటే మా ఎడిటర్ ఒప్పుకోలేదు. ఆటల పేజీలో ఇద్దరు ముసలాళ్లకు ఇంకెంత చోటివ్వాలన్నాడు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.